సైదయ్య మేస్త్రి గారి తుపాకుల కొట్టు

సైదయ్య మేస్త్రి గారు పోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది ఎదురు వరుసలో ఇస్త్రీ బండి పెట్టుకునే సుగుణమ్మ. ఇవాళ పొద్దున అవిసె నూనె సీసా మూత తీయగానే, ఆ వాసన గదంతా పరుచుకోగానే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆమె మళ్ళీ కళ్ళముందుకు వచ్చింది. ఆ రోజు కూడా ఇదే నూనెతో ఒక తుపాకి మడమను, భుజానికి ఆనించుకునే చెక్కను, రుద్దుతున్నాను. మేస్త్రి గారిని గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్ళి రెండు రోజులైంది. ఆయన భార్య ఖాసింబీ అమ్మకు నాతో ఆ మాట చెప్పడానికి నోరు రాక, సుగుణమ్మ ఫోనుకు చేసిందట. "కరుణమ్మా, ఆ గుడ్డ కింద పెట్టు" అంది సుగుణమ్మ. అంతకుమించి ఏమీ చెప్పనక్కర లేకపోయింది.

ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, ఏడుస్తూనే నా అర్జీ గురించి తలుచుకున్నాను. తుపాకులు బాగుచేసే లైసెన్సు ఒక మనిషి పేరున ఉంటుంది, ఆ మనిషితోనే పోతుంది. కొత్త లైసెన్సు నా పేరున ఇమ్మని, ఈ కొట్టులోనే పని చేసుకోవడానికి తనకు అభ్యంతరం లేదని మేస్త్రి గారు సంతకం పెట్టి, అర్జీ పంపించి నాలుగు నెలలైంది. విచారణకు ఇంకా ఎవరూ రాలేదు. ఇప్పుడు సంతకం పెట్టిన మనిషే లేడు. పదహారేళ్ళు కూర్చుని నేర్చిన పని నా చేతుల్లో ఉండి కూడా నాది కాకుండా పోతుందేమోనని ఆ క్షణంలోనే భయం పట్టుకుంది. ఆ భయంతో కలిపే ఆయన్ని గుర్తు చేసుకోగలను. విడదీసి చెబితే అబద్ధమవుతుంది.

తుపాకుల కొట్టు అనగానే కొత్తవాళ్ళు కాస్త వెనక్కి జరుగుతారు. చిలకలూరిపేటలో మాది పది అడుగుల గది. వెనక మేస్త్రి గారి ఇల్లు. మా దగ్గరికి వచ్చేవి బ్యాంకు కాపలావాళ్ళ తుపాకులు, మార్టూరు గ్రానైటు క్వారీల వాచ్‌మెన్లవి, అడవిపందుల బెడదకు లైసెన్సు తెచ్చుకున్న మిరప రైతులవి. సగానికి సగం వాటిని తెచ్చేవాళ్ళ తండ్రుల కన్నా పాతవి. పగిలిన మడమలు అతకడం, అరిగిన స్ప్రింగులు మార్చడం, తుప్పు తీయడం మా పని. ఎన్నికలొస్తే అందరూ తుపాకులు పోలీసు స్టేషన్లో అప్పగించాలి. ఎన్నికలు అయిపోయాక అవి ఇంటికి పోకుండా ముందు మా గుమ్మంలోకి వస్తాయి, తడిసిన కోళ్ళలాగా. పంటలు చేతికొచ్చే రోజుల్లో మిరప మార్కెట్ యార్డుకు ఎంత సందడో, ఎన్నికల తర్వాత మా కొట్టుకు అంత సందడి.

మా నాన్న క్వారీలో కాపలా మనిషి. రాతి దుమ్ము తుపాకి సందుల్లో చేరి గట్టిపడేది. అందుకని ఏడాదికోసారి దాన్ని శుభ్రం చేయించడానికి ఇక్కడికి తెచ్చేవాడు. చిన్నప్పుడు నాకు పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. బడి దూరమని మా అమ్మ నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి బైబిలు వాక్యంలోని అక్షరాలతోనే చదువు చెప్పింది. ఇరవై రెండేళ్ళప్పుడు కాలికి వేసుకునే ఇనుప పట్టీ మార్పించుకుందామని నాన్నతో కలిసి పేటకు వచ్చి, దారిలో తుపాకి ఇచ్చి పోదామని ఈ కొట్టు దగ్గర ఆగాం. మేస్త్రి గారు నాన్న తుపాకి అందుకోలేదు. నా కాలివైపే చూస్తున్నారు. లోపలి నుంచి టీ గ్లాసులతో వచ్చిన ఖాసింబీ అమ్మ ఆయన్ని గదిమింది. "కూర్చోమనేది లేదు, మంచినీళ్ళిచ్చేది లేదు. ఆడపిల్ల కాలుకేసి అట్టా చూస్తావేందయ్యా?" ఆయన తడుముకోలేదు. "కాలు కాదే, ఆ మరను చూస్తన్నా. ఎవడో దాని నోరంతా కొరికి పెట్టాడు" అన్నారు.

నిజమే. పట్టీ కీలు దగ్గరి మర నెలకోసారి వదులయ్యేది. వీధిలో ఎవరు దొరికితే వాళ్ళు బిగించి బిగించి దాని గాడి చెడగొట్టారు. ఆయన వరసగా పేర్చిన ముప్ఫై నలభై స్క్రూడ్రైవర్లలోంచి ఒకటి తీసి, గాడిలో పెట్టి చూసి, పనికిరాదని ఇంకొకటి తీసి, దాని అంచును ఆకురాయి మీద నాలుగుసార్లు రుద్ది మళ్ళీ పెట్టారు. గాడిలో సరిగ్గా కూర్చుంది. మర చప్పుడు లేకుండా తిరిగింది. మర కోసం స్క్రూడ్రైవరునే అరగదీశారేమని అడిగాను. ఆయన మొదటిసారి నా ముఖంలోకి చూశారు. నాన్న తుపాకి మీద ఉన్న మరలు చూపించి, వందేళ్ళ కింద బిగించిన మర మీద గీత పడకుండా ఉందంటే, దీన్ని ముట్టుకున్న ప్రతివాడూ తన పనిముట్టును దీనికి తగ్గట్టు మార్చుకున్నాడని అర్థం అని చెప్పారు. ఏం చదివావని అడిగారు. బడికి పోలేదని, అమ్మ దగ్గరే చదువుకున్నానని చెప్పాను. "మంచిదే. తప్పుగా నేర్చుకున్నది తక్కువుంటుంది" అని నవ్వారు.

పై వారమే వచ్చి పని నేర్పమని అడిగాను. నాన్న వద్దనలేదు గానీ, రెండు రోజుల ముచ్చట అనుకున్నాడు. ఆరు నెలలు మేస్త్రి గారు నన్ను తుపాకి ముట్టుకోనివ్వలేదు. పాత ఇనప ముక్కల నుంచి స్క్రూడ్రైవర్లు చేయడమే నా పని. ఒక్కొక్క మరకు ఒక్కొక్కటి. చేసింది ఆయనకు ఇస్తే గాడిలో పెట్టి, చేయి వదిలేసేవారు. అది నిలబడితే సరే, వాలిపోతే మళ్ళీ ఇచ్చేసేవారు. నా చూపుడు వేలి చర్మం రెండుసార్లు ఊడి మళ్ళీ వచ్చింది. ఒకరోజు ఉక్రోషంతో, ఇంట్లో మిరపకాయలు తొడిమలు తీసుకున్నా ఈపాటికి బాగుపడేదాన్నని అన్నాను. "తీసుకో, ఎవరొద్దన్నారు? ఆ తొడిమలైనా తిన్నగా తీస్తావా అని నా అనుమానం" అన్నారు తల ఎత్తకుండా. ఖాసింబీ అమ్మ లోపలి నుంచి పెద్దగా నవ్వింది. ఆ రోజు పొద్దుపోకముందే నేను చేసిన ఒకటి గాడిలో నిలబడింది. ఆయన ఏమీ అనకుండా దాన్ని తీసి తన వరసలో పెట్టుకున్నారు. ఇంటికి వెళ్ళి ఆ రోజు చేసుకున్న ప్రార్థనలో అడగడానికి ఏమీ లేక, కృతజ్ఞతలే చెప్పుకున్నాను.

మా చర్చి సంఘంలో నా పని గురించి మాట్లాడుకోవడం మొదలైంది. విశ్వాసురాలివి, అందులోనూ ఆడమనిషివి, మారణాయుధాల మీద చెయ్యి వేయవచ్చా అని ఒక పెద్దాయన ఆరాధన అయ్యాక అందరి ముందూ అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇప్పటికీ అలాగే అనుకుంటాను. మేస్త్రి గారితోనూ ఆ సంగతి చెప్పాను. ఆయన దూదేకుల వారు. మధ్యాహ్నం నమాజుకు లేచినప్పుడు నేనూ పని ఆపి కళ్ళు మూసుకునేదాన్ని. ఎవరి దేవుడితో వాళ్ళం మాట్లాడుకుని మళ్ళీ ఆకురాయి పట్టుకునేవాళ్ళం. జవాబు కొన్ని వారాల తర్వాత, నేను మళ్ళీ అడగకుండానే దొరికింది. ఎవరో కారులో వచ్చి, ఒక తుపాకి బల్ల మీద పెట్టి, గొట్టం చొక్కా కింద దాచుకునేటట్టు కురచగా కోసివ్వమన్నాడు. ఎంతైనా ఇస్తానన్నాడు. మేస్త్రి గారు తుపాకిని అతని వైపే నెట్టారు. "అయ్యా, నేను బాగుచేసేవాణ్ణి. మీరు అడిగేది బాగు కాదు" అన్నారు. అతను పోయాక స్టేషనుకు వెళ్ళి ఆ సంగతి చెప్పి వచ్చారు. తర్వాత నాతో, మన చేతిలోంచి పోయిన తుపాకి పట్టుకున్నవాడి మొహం మీద పేలకూడదు, మన పూచీ అంతే, అంతకన్నా పెద్ద మాటలు నాకు తెలీవు అన్నారు. సంఘ పెద్దకు నేను ఆ మాటే చెప్పాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, నా కోసం ప్రార్థిస్తానన్నారు. దానికీ కృతజ్ఞురాలినే.

పట్టుకున్నవాడి మొహం మీద పేలడమంటే ఏమిటో నా తప్పు వల్లే తెలుసుకున్నాను. మా వైపు ఎవరింట్లో చూసినా పత్తి ఉంటుంది. తుపాకి మూలన పెట్టే ముందు రైతు గొట్టంలో పిడికెడు దూది కుక్కుతాడు. లేకపోతే కందిరీగలు దూరి మట్టిగూళ్ళు కడతాయి. ఆ దూది తేమ పీల్చి, ఉన్నచోటే గొట్టానికి తుప్పు పట్టిస్తుంది. దాన్ని మరిచిపోయి పేలిస్తే గొట్టం చీలిపోతుంది. అందుకే మేస్త్రి గారి కొట్టులో దూదికి చోటు లేదు. గొట్టం మూయాల్సి వస్తే ఎర్రగుడ్డ పేలిక ఒకటి దోపి, దాని కొసను జానెడు పొడుగున బయటికి వేలాడనివ్వాలి. చూసినవాడికి లోపల ఏదో ఉందని తెలియాలి. ఇది ఆయన నాకు వందసార్లు చెప్పి ఉంటారు.

మూడో ఏడు ఎన్నికలయ్యాక, ఆంజనేయులు అనే మిరప రైతు జోడు గొట్టాల తుపాకిని మొత్తంగా నాకే అప్పగించారు. శుభ్రం చేశాను, గొట్టాల్లోంచి వెలుగు చూశాను, మేస్త్రి గారికీ చూపించాను. మడమ మీద చిన్న గరుకు మిగిలిపోతే, ఆ కాస్తా రుద్దే ముందు పొట్టు లోపల పడకుండా గొట్టాల్లో దూది పెట్టాను. ఎర్రగుడ్డ ఉతికి ఆరేశాం. దూది సంచిలోనే ఉంది, చెవిలో పెట్టుకుందామని తెచ్చుకున్నది. ఐదు నిమిషాల పని కదా అనుకున్నాను. ఇంతలో ఆంజనేయులు వచ్చాడు. నా పని చూసి ఎంతో మెచ్చుకున్నాడు. ఆ మెప్పులో మునిగి తుపాకి ఇచ్చి పంపేశాను.

మర్నాడు పొద్దున ప్రార్థనలో ఉండగా గుర్తుకొచ్చింది. ఆంజనేయులు ఫోను మోగుతోంది గానీ ఎత్తడం లేదు. కొట్టుకు వచ్చేదాకా దారిపొడవునా నా మనసు రెండుగా చీలిపోయింది. ఏదో వంక చెప్పి నేనొక్కదాన్నే ఆ ఊరు వెళ్ళి దూది తీసేసి వస్తే ఎవరికీ తెలియదు. చెబితే రేపటి నుంచి రావద్దంటారు. గుమ్మంలో నిలబడి, కూర్చోకుండానే, చేసింది చేసినట్టు చెప్పేశాను. మేస్త్రి గారి ముఖం తెల్లబోయింది. చొక్కా మార్చుకుని, బల్ల మీద పనంతా అలాగే వదిలి తాళం వేశారు. అప్పటికే ముగ్గురు గుమ్మంలో ఎదురుచూస్తున్నారు. వాళ్ళను రేపు రమ్మన్నారు. "నువ్వూ రా" అన్నారు నాతో.

మార్టూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, ఆపైన పొలం గట్లు. నా కాలితో ఆ గట్ల మీద నడక ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆయన ముందుకు పోయి, ఆగి, నా కోసం చూసి, మళ్ళీ పోయేవారు. ఆసరాకు చెయ్యి ఇవ్వలేదు, ఉండిపొమ్మనీ అనలేదు. ఆంజనేయులు మిరప చేలో మంచె కింద కూర్చుని అన్నం తింటున్నాడు. తుపాకి మంచె గుంజకు ఆనించి ఉంది. మేస్త్రి గారు దూది తీయలేదు. ముందు నన్నే చెప్పమన్నారు. చెప్పాను. గొట్టాల్లోంచి దూది బయటికి తీసింది కూడా నేనే. ఆంజనేయులు కంచం పక్కన పెట్టేశాడు.

"ఏందయ్యా మేస్త్రీ ఇది? సాయంత్రం పందుల మీద పేలుద్దామని తూటాలు కూడా తెచ్చి పెట్టుకున్నా. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు నాకు. ఇట్టాంటోళ్ళ చేతికిస్తావా?"

"తిట్టు. తిట్టాల్సిందే" అన్నారు మేస్త్రి గారు. "నన్ను కూడా కలిపి తిట్టు, కొట్టు నాది. తిట్టటం అయినాక ఒకటి ఆలోచించు. పొద్దున ఈ అమ్మాయి చెప్పకుండా ఉంటే నువ్వూ నేనూ ఇక్కడ మాట్లాడుకుంటా ఉండేవాళ్ళం కాదు. నా తర్వాత నీ తుపాకి ఎవరో ఒకరు చూడాలిగా. చెప్పేవాళ్ళే చూడాల."

తిరుగు బస్సులో ఆయన కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నారు. నన్ను పని మాన్పించలేదు. కానీ నెల రోజులు మళ్ళీ స్క్రూడ్రైవర్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ నెల నాకు శిక్షలా అనిపించలేదు. గుమ్మంలో నా నోటి నుంచి వచ్చిన మాట వల్లే నా చోటు నాకు మిగిలిందని ప్రతిరోజూ తలుచుకునేదాన్ని. ఆంజనేయులు మాత్రం రెండేళ్ళు మా గుమ్మం తొక్కలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు.

మేస్త్రి గారి చేతులు వణకడం చాలా ఏళ్ళ తర్వాత మొదలైంది. మొదట టీ గ్లాసు దగ్గర కనిపించింది, ఆ తర్వాత మరల దగ్గర. ఆయన బల్లకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవారు, నేను పని చేసేదాన్ని. ఆయన కళ్ళు నా చేతుల మీదే ఉండేవి. అలా రెండేళ్ళు గడిచాయి. బయటికి పోయే ప్రతి తుపాకినీ ఆయనే ఎత్తి వెలుగు చూసేవారు. చేతులు ఆగకపోతే నేను గొట్టం కింద భుజం పెట్టేదాన్ని. లైసెన్సు నా పేరున తెద్దామని ఆయనే పట్టుబట్టారు. కలెక్టరాఫీసుకు నాతో నాలుగుసార్లు వచ్చారు. ఒక గుమస్తా, ఆడవాళ్ళకు ఈ పని దేనికి పెద్దాయనా, కుట్టుమిషను ఇప్పించకూడదా అన్నాడు. "దాన్ని కూడా బాగుచేస్తది బాబూ, పాడైతే పట్రా" అన్నారు మేస్త్రి గారు. నవ్వు ఆపుకోలేక నేను ముఖం తిప్పుకున్నాను.

ఆ తర్వాత సుగుణమ్మ వచ్చి గుమ్మంలో నిలబడ్డ రోజు వచ్చింది. ఖననం అయిన మర్నాడే కొట్టులో ఉన్న పదకొండు తుపాకులకూ జాబితా రాసి, ఏ తుపాకిలో ఏ పని మిగిలి ఉందో కూడా రాసి, స్టేషన్లో అప్పగించాను. లైసెన్సు లేని చేతితో ఒక్క మర కూడా ముట్టుకోలేదు. పొద్దున్నే వచ్చి ఊడ్చి, ఖాళీ బల్ల తుడిచి, కూర్చునేదాన్ని. అర్జీ ఏమైందని వారానికోసారి వెళ్ళి అడిగేదాన్ని. మేస్త్రి గారి పెద్దల్లుడు చెడ్డవాడేమీ కాదు, కానీ అత్తకు నెలనెలా నిలకడగా డబ్బు వస్తుందని కొట్టు సెల్‌ఫోన్ల షాపుకి ఇప్పిద్దామనుకున్నాడు. నాతో సూటిగానే చెప్పాడు. "అక్కా, నీకు లైసెన్సు వస్తదో రాదో. అందాకా గది ఖాళీగా పెట్టుకుంటే ఆమెకెట్టా గడుస్తది?" గది లేకపోతే అర్జీ చెల్లదు. ఇద్దరికీ తెలుసు ఆ సంగతి.

విచారణకు స్టేషన్ నుంచి ఒక ఎస్సై గారు వచ్చేసరికి, భర్త పోయిన ఆడవాళ్ళు నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా పాటించే ఇద్దత్‌లో ఖాసింబీ అమ్మ ఉంది. పరాయి మగవాళ్ళ ఎదటికి రాదు. ఇల్లూ కొట్టూ ఇప్పుడు ఆమెవే. ఆమె మాట లేనిదే ఎస్సై గారు కాగితం ముగించలేరు. గడువయ్యాక రమ్మని అడుగుదామా అంటే, అప్పటికి ఆయన బదిలీ అయిపోవచ్చు. అల్లుడు తన సంగతి చెప్పాడు. నేను నా సంగతి చెప్పాను, ఆంజనేయులు తుపాకిలోని దూది సంగతితో సహా. ఎస్సై గారు రాయడం ఆపి నన్ను వింతగా చూశారు. అప్పుడు ఇంటికీ కొట్టుకూ మధ్య ఉన్న తలుపు తెర వెనక నుంచి ఖాసింబీ అమ్మ గొంతు వినిపించింది. ఆమె అంత మెల్లగా మాట్లాడటం నేను ముందెన్నడూ వినలేదు.

"అయ్యా, నేను ఈడ నుంచే చెప్తా, రాసుకోండి. మా ఆయన చేతులు వణికిన రెండేళ్ళూ ఈ కొట్టులో పని చేసింది ఈ అమ్మాయి చేతులే. బోర్డు మీద ఆయన పేరుంది, మేం అన్నం తిన్నాం. ఈ సంగతి దాచి పెట్టుకుంటే నాకు అరగదు. గది ఆమెకే ఇస్తన్నా. అల్లుడూ, నువ్వు నా మంచికే చెప్పావు, కోపం తెచ్చుకోమాక. నాకు గడిచిపోద్ది."

అల్లుడు తలవంచుకుని, సరే అత్తా అన్నాడు. ఎస్సై గారు తెరవైపు తిరిగి, చదివి వినిపిస్తానమ్మా అని ఆమె చెప్పిందంతా తిరిగి చదివారు. వేలిముద్ర కోసం కాగితం తెర కింద నుంచి లోపలికి అందించింది నేనే. అది తిరిగి వచ్చినప్పుడు ఇంకు తడి ఆరలేదు. అందరూ వెళ్ళిపోయాక తెరకు ఇవతలే నేల మీద కూర్చున్నాను. ఆమె కూడా అవతల కూర్చుందని గాజులు లేని చేతిని నేల మీద ఆనించిన చప్పుడును బట్టి తెలిసింది. అన్నం తిన్నావా అని అడిగింది.

మేస్త్రి గారు పోయిన ఏడు నెలలకు లైసెన్సు వచ్చింది. ఇప్పుడు బోర్డు మీద నా పేరుంది. తుపాకి తీసుకోవడానికి వచ్చినవాళ్ళకు, వాళ్ళు అడగకముందే, నేను సరిగ్గా చేయలేకపోయింది ఏమిటో మొదట చెబుతాను. బాగా చేసింది వాళ్ళే చూసుకుంటారు. కొందరు అది విని వేరేచోటికి పోయారు. పోనివ్వండి. మేస్త్రి గారు నా చేతులకు నేర్పింది చాలా ఉంది. చేతులు ఎప్పటికైనా వణుకుతాయి. నా నోటికి ఆయన పెట్టిన అలవాటు మాత్రం ఉన్నన్నాళ్ళూ నాతో ఉండాలని కోరుకుంటాను.

మేస్త్రి గారిని ఈ చుట్టుపక్కల తలుచుకునేవాళ్ళకు కొదవ లేదు. ఆయన బాగుచేసిన తుపాకులు రైతుల ఇళ్ళల్లో ఇంకా ఉన్నాయి. నేను అడిగేది ఇంకొకరి కోసం. ఆమెకు ఇప్పుడు చూపు మందగించింది, వచ్చే నెలలో కంటికి ఆపరేషను. మీరు దేవుణ్ణి ఏ పేరున పిలుచుకున్నా సరే, ఈ నాలుగు మాటలు చదివాక ఆయన ముందు ఒక్కసారి ఖాసింబీ అమ్మను గుర్తు చేసుకోండి. ఆమె పేరు ఏ బోర్డు మీదా లేదు.